గిన్నె అడుగు చూసే జువైనా

కొండల నడుమ లోయలో ఉన్న మా వాదీలో జువైనా బింత్ ముహన్నా చేతులు పడకుండా మట్టిలోకి వెళ్లిన ఆడమనిషి లేదు. ముప్పై తొమ్మిదేళ్లు ఆ పని చేసింది. వరదకు దారి తెగిన ఏడాది, గాడిద కూడా కాలు పెట్టనన్న చోట రాళ్లు పట్టుకుని పాక్కుంటూ కొండ అవతలికి వెళ్లి, కాజీగారి తల్లికి ఆఖరి స్నానం చేయించి వచ్చింది. అంటురోగమని సొంత కొడుకులే గుమ్మం బయట నిలబడిపోయిన ఇంట్లోకి ఒక్కతే నడిచి వెళ్లింది. ఇవి ఊరంతా చెప్పుకునేవి. ఆమె తన నోటితో గొప్పగా చెప్పుకునేది మాత్రం వేరు. “నా చేతిలో పెట్టిన దానం ఒక్కటి కూడా ఇంతవరకు దారి తప్పలేదు” అనేది.

మా దగ్గర ఆడవాళ్లు పోయేముందు తమ వెండిలో ఒక భాగం దానానికి విడిచిపెడతారు. ఎవరికి చేరాలన్నది కాగితంలో పెట్టించే వాళ్లు పెట్టిస్తారు. చాలామంది మాత్రం స్నానం చేయించే మనిషి చెవిలో వేసి కళ్లు మూస్తారు. ఆ మాట తీరే వరకు పోయినవాళ్లకు నెమ్మది ఉండదని మా నమ్మకం. అందుకే జువైనా ఎవరికీ ఊరికే ఇచ్చేది కాదు. దానం అడిగిన చోటికి చెప్పకుండా వంటవేళకు వెళ్లేది. ముందు గిన్నెల అడుగు చూసేది, తర్వాత పిల్లల అరికాళ్లు చూసేది.

ఒకసారి రాజధాని నుంచి ఒకాయన రంగుల ఫొటోలు పట్టుకుని వచ్చాడు.

“రసీదు ఇస్తామమ్మా, ముద్ర కూడా వేసి ఇస్తాం” అన్నాడు.

“రసీదు నువ్వే ఉంచుకో నాయనా. పొయ్యి ఎప్పుడు వెలిగిస్తారో చెప్పు, ఆ వేళకు వస్తాను.”

అతను నవ్వేసి ఏదో వేళ చెప్పాడు. ఆమె నిజంగానే వెళ్లింది. అక్కడి గిన్నెల అడుగులు అద్దంలా మెరుస్తున్నాయి. “ఇంత శుభ్రమైన ఆకలి నేనెక్కడా చూడలేదు” అని చెప్పి, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా వచ్చేసింది. ఏడాది తిరగకుండా ఆ ఫొటోలాయన ఊరు విడిచి పారిపోయాడని తెలిసినప్పుడు మా వాళ్లు జువైనా కోసం ఒక మేకపిల్లను కోశారు.

అలాంటి మనిషి ఒక్కసారి చూడకుండా ఇచ్చింది.

నస్రా బింత్ హుమైద్‌ది కొండమీది ఊరు. మా వాదీకి కోడలై వచ్చింది. పురిట్లోనే తల్లి పోయిన పిల్ల. ఆఖరి వారంలో జువైనాను పక్కన కూర్చోబెట్టుకుని, కడియాలూ హారమూ ఆమె ఒళ్లో పెట్టింది.

“తండ్రి లేనివాళ్లను అనాథలని లోకమంతా ఆదుకుంటుంది. తల్లి లేనివాళ్లను ఆ లెక్కలో ఎవరూ వెయ్యరు. ఎలా ఉంటుందో నాకు తెలుసు జువైనా. ఇవి తల్లిలేని పిల్లలకే చేరాలి. నీ కళ్లతో చూసి ఇవ్వు.”

“చూసే ఇస్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు.”

నస్రా పోయిన ఉదయం జువైనా రేగాకు నీళ్లతో స్నానం చేయించి, కర్పూరం పూసి, గుడ్డ చుట్టి, తడి చేతులతో బయటికి వచ్చింది. కబురు ఇంకా వీధి చివరికి కూడా వెళ్లలేదు. అప్పటికే ఆడవాళ్ల గదిలో చాప మీద ఒకావిడ కూర్చుని ఏడుస్తోంది. వాదీలోనూ కొండమీదా కొందరు ఆడవాళ్లు కట్టుకునే నీలపు మెరుపు గట్టి ముసుగు ముఖానికి ఉంది. కళ్ల దగ్గర రెండు చీలికలు తప్ప ఏమీ కనబడదు.

మూడు రోజులూ ఆమె ఆ చాప మీదే ఉంది. దుఃఖంలో పాలుపంచుకోవడానికి వచ్చిన మనిషిని ‘నువ్వెవరు’ అని అడగడం మా దగ్గర ముందున్న కంచం లాగేసినంత తప్పు. కాబట్టి ఎవరూ అడగలేదు. “కొండవాళ్లకు ఏడుపు కూడా గట్టిదేనే” అని వాదీ ఆడవాళ్లు వంటగదిలో నోళ్లు నొక్కుకున్నారు. “బతికుండగా పలకరించారో లేదో గానీ, ఈ వాదీవాళ్లకు ఏడవడం బాగా వచ్చు” అని కొండమీది ఆడవాళ్లు మూతులు తిప్పారు.

మూడో రోజు జనం పలచబడ్డాక ముసుగావిడ జువైనా పక్కకు జరిగింది. అది పడుచు గొంతూ కాదు, ముసలి గొంతూ కాదు.

“నస్రా వెండి నీ దగ్గరే ఉంది కదూ. సముద్రం ఒడ్డు ఊళ్లో, చేపల సంత వెనక, పచ్చ తలుపు ఇల్లు ఉంది. తల్లిలేని పిల్లలు పదహారు మంది. చిన్నదానికి జ్వరం.”

తల్లిలేని పిల్లలు! ఆ మాట అని దానం అడిగినవాళ్లు ఇంతవరకు జువైనాకు తగల్లేదు. అందరూ తండ్రిలేనివాళ్ల పేరే చెప్పేవాళ్లు. నస్రాయే ఈ మనిషిని పంపినట్టు అనిపించింది. మోకాలు వాచి ఉంది, సముద్రం ఒడ్డుకు వెళ్లి రావాలంటే సగం రోజు ప్రయాణం.

“నేను చూడకుండా ఇవ్వను” అంది, అయినా గొంతులో పట్టు లేదు.

“వచ్చి చూడు. నీకోసం తలుపు తీసే ఉంటుంది.”

జువైనా వెండి మూట ఆ చేతిలో పెట్టింది. ఆ అరచేతిలో ఒక్క గీత కూడా లేదు. ఎంతసేపు నీళ్లలో నానినా మనిషి చేతి గీతలు పోవని ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? కానీ ఆ సంగతి ఆమెకు ఇంటికి చేరాక, రొట్టెల పిండిలో చేయి పెట్టినప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె చేతుల్ని కర్పూరం వాసన వదల్లేదు. నిమ్మకాయతో రుద్దింది, బూడిదతో రుద్దింది, ఫలజ్ కాలువ ఇసుకతో చర్మం ఎర్రబడేలా తోమింది.

చెల్లెలి కూతురు మౌజా ఆమెతోనే ఉండేది. “పెద్దమ్మా, రొట్టె శవానికి చుట్టే కఫన్ గుడ్డలా వాసనేస్తోంది. పిల్లలు ముట్టడం లేదు” అంది.

“నీ పిల్లలకు నా రొట్టె ఎప్పుడు నచ్చింది గనక!”

“ఖర్జూరం అందిస్తే అదీ ఆ వాసనే. ఇది వంట సంగతి కాదు పెద్దమ్మా. నీ మనసులో ఏదో ఉంది, చెప్పు.”

పదకొండో రోజున జువైనా నస్రా ఆడబిడ్డ దగ్గరికి వెళ్లి అడిగింది. “ఆ ముసుగావిడా? వాళ్ల కొండమనిషి కదూ?” అంది ఆవిడ. కొండమీదికి కబురు పంపితే, “మాకేం తెలుసు, మీ వాదీ మనిషే కదా” అని జవాబు వచ్చింది. జువైనా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, “మీ ఆయన్ను బండి తియ్యమను” అంది మౌజాతో.

మర్నాడు పొద్దున మౌజా భర్త ఖల్ఫాన్ వాళ్లిద్దరినీ చేపల సంత దగ్గర దించాడు. పచ్చ తలుపు నిజంగానే తీసి ఉంది. ముంగిట్లో ఒక ముసలి కాపలాదారు వల బాగుచేసుకుంటున్నాడు.

“పిల్లలేరి?” అని అడిగింది జువైనా.

“సముద్రానికి వెళ్లారు.”

“ఎప్పుడొస్తారు?”

“వస్తారు.”

వసారాలో పదహారు జతల చెప్పులు వరసగా ఉన్నాయి, చిన్నవి ఒక చివర, పెద్దవి ఇంకో చివర. జువైనా కూర్చుని ఒకదాన్ని తిరగేసింది. అడుగున దుమ్ము లేదు. లోపల వేలి గుర్తు ఒక్కటీ లేదు. తీగ మీద ఆరేసిన చిన్న గౌన్లకు అంగడి మడతలు ఇంకా పోలేదు. వంటగదిలో పెద్ద గిన్నెను బోర్లించి చూసింది. దాని అడుగులో ఆమె ముఖం కనబడింది.

“చెప్పులు ఇక్కడుంటే పిల్లలు ఏం వేసుకుని వెళ్లారు?”

కాపలాదారు తల ఎత్తలేదు. “నేనెప్పుడూ చూడలేదమ్మా. ఏటా కొత్త చెప్పులు వస్తాయి. పాతవి తీసేసి ఇవి పెట్టమంటుంది ఆ ముసుగావిడ. ప్రతి ఏడూ ఒక సైజు పెద్దవి.”

మౌజా జువైనా చెయ్యి పట్టుకుంది. “వెళ్లిపోదాం పెద్దమ్మా.”

“నస్రా మూట ఉండగా ఎక్కడికే వెళ్లేది?”

లోపలి గదిలో తాళం వేసిన పెట్టె ఒకటి, దాని వెనక సున్నం గోడ మీద పైనుంచి కిందికి పేర్లు రాసి ఉన్నాయి. జువైనాకు చదువు రాదు. మౌజా అయిదో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. అందరూ ఆడవాళ్లే, తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా.

“వీళ్లంతా పోయినవాళ్లే పెద్దమ్మా. మూడు వాదీలవాళ్లు ఉన్నారు. చివర్లో నస్రా.” ఆగింది. “నస్రా కింద ఇంకోటుంది.”

“చదువు.”

“నేను చదవను.”

“శవాలు కడిగేదాన్ని, నాకేం భయమే? చదువు.”

“జువైనా బింత్ ముహన్నా.”

కాపలాదారు గుమ్మంలో నిలబడి మామూలుగానే అన్నాడు: “ఆమె ముందుగానే రాయిస్తుంది. వేళకు తనే వచ్చి తీసుకుంటుంది.”

జువైనా గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరి చావు ఎప్పుడో రాసిపెట్టేది ఆ పైవాడు ఒక్కడే అని చిన్నప్పటి నుంచి విన్నది, అదే ధైర్యంగా బతికింది. ఇప్పుడు ఈ సున్నం గోడ మీద, ఎవరిదో తెలియని చేతిరాతలో తన పేరు. ఆమె కాపలాదారు వైపు తిరిగింది.

“నా పేరు దాతల్లో ఉందిగా?”

“ఉంది.”

“దాత అడిగితే చూపించాలి. పెట్టె తియ్యి.”

కాపలాదారు తాళం తీశాడు. పెట్టె నిండా మూటలు. ఒక్కదాని ముడి కూడా ఎవరూ విప్పలేదు, ఒక్క కడియం కూడా అమ్మలేదు. ఎన్నేళ్ల వెండో. ఎవరో దొంగిలించి తినేసి ఉంటే జువైనాకు కోపం వచ్చేది. ఎవరికీ అక్కర్లేని దాన్ని ఎందుకు పోగుచేస్తున్నట్టు?

తను వేసిన ముడి తనకు తెలుసు. నస్రా మూట తీసి కొంగున కట్టుకుంది. మిగతావాటి వైపు చెయ్యి వెళ్లి, మధ్యలో ఆగింది. అవి ఆమెకు ఎవరూ అప్పగించలేదు.

చేపల సంతలో చేపలు కోసే ఆడవాళ్లను అడిగింది, “తల్లిలేని పిల్లలు ఈ ఊళ్లో ఎవరింట్లో తింటారమ్మా?” అని.

“సలూమా ఇంట్లో. గట్టిగా పిలవండి, ఆ గోలలో దానికి దాని పేరే వినబడదు” అని నవ్వారు.

సలూమా రొట్టెలు కాల్చి అమ్ముకునే మనిషి. ఆమె ముంగిట్లో ఏడుగురు పిల్లలు ఎండు చేప ముక్క కోసం కొట్టుకుంటున్నారు. వాళ్ల అరికాళ్లు రాళ్లలా పగిలి ఉన్నాయి. జువైనా అడక్కుండానే గిన్నె ముందు కూర్చుని పీచు అందుకుంది.

“అతిథివై గిన్నెలు తోముతావా? నలుగురూ చూస్తే నా పరువేం కాను?” అని సలూమా చెయ్యి పట్టుకుంది.

“తోమనివ్వమ్మా.” వేళ్లకు మసి దట్టంగా అంటుకుంది. జువైనా ఆ చేతుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. పన్నెండు రోజుల తర్వాత కట్టెపొగ వాసన.

నస్రా మూట సలూమా ఒళ్లో పెట్టి, తన చేతి గాజులు కూడా తీసి దాని పైన పెట్టింది.

“ఎవరి పేరున దుఆ చెయ్యను?”

“మూట నస్రాది. గాజులకు పేరు లేదు. బతికుండగానే ఇచ్చేస్తున్నాను, ఎక్కడా రాయొద్దు.”

ఊరికి తిరిగి వచ్చాక జువైనా మూడు వాదీలకూ కబురు పంపింది, మీ వాళ్ల వెండి ఫలానా చోట ఉంది, వెళ్లి తెచ్చుకోండి అని. కొందరు ముసలిదానికి మతి చెడిందన్నారు. కొందరు శుక్రవారం నమాజు అయ్యాక రెండు బళ్లలో బయలుదేరారు, ఖల్ఫాన్ దారి చూపించాడు. సాయంత్రానికి ఉత్త చేతులతో వచ్చారు. తలుపు తీసే ఉందట. కాపలాదారు లేడు, చెప్పులు లేవు, పెట్టె లేదు.

“గోడ ఉందా?” అని అడిగింది జువైనా.

“ఉంది” అన్నాడు ఖల్ఫాన్. “నస్రా పేరు లేదు. నీ పేరూ లేదు. ఆ మేర సున్నం గీకేసి ఉంది.”

మౌజా పెద్దగా ఊపిరి వదిలింది. జువైనా మాత్రం అతని ముఖమే చూస్తోంది.

“దాని కింద?”

ఖల్ఫాన్ తలపాగా సర్దుకున్నాడు. “ఇంకో పేరు రాసి ఉంది. మన పై వీధి రహీమాది.”

“రహీమానా? పొద్దున్నే కాలువ దగ్గర నీళ్ల వంతు కోసం నాతో పోట్లాడింది, ఇనప గుండులా ఉంది మనిషి!” అంది మౌజా.

జువైనా అప్పటికే చేతికర్ర తీసుకుని గుమ్మం దిగింది. పై వీధి ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. రహీమా ముంగిట్లో నిమ్మకాయలు ఎండబెడుతోంది. జువైనా వస్తోందంటే మా ఊళ్లో ఎవరైనా ముందు అడిగేది ఒకటే.

“అయ్యో, ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. చేతులు తుడుచుకుని లోపలికి రా రహీమా. నీ వెండి ఎవరికి ఇవ్వాలనుకుంటున్నావో చెప్పు, ఇద్దరం కలిసి ఇప్పుడే వెళ్లి చూసొద్దాం.”