చేప తోక గుర్రం

మా ముత్తాతగారు సంస్థానంలో దివానుగా చేశారు. తాతగారు గౌరవ మేజిస్ట్రేటు. ఆయన బజారులోకి వస్తే నరసన్నపేట వర్తకులు అరుగులు దిగి నిలబడేవారని మా నాయనమ్మ చెప్పేది. మా నాన్నగారు ఏ ఉద్యోగమూ చేయలేదు. కుర్చీలో వెన్ను వాల్చకుండా కూర్చోవడం మాత్రం నాకు నేర్పారు. ఇప్పటికీ బస్సులో కూడా నేను నిటారుగానే కూర్చుంటాను.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, విజయనగరంలో ఒక సాహిత్య సంఘం వాళ్లు రెండు రోజుల కథల కార్యశాల పెట్టారు. వింతలోకాల కథలు, సైన్సు కథలు రాయడం నేర్పాలి. అలాంటివి నావి అప్పటికి రెండు పుస్తకాలు వచ్చాయి కనక నన్ను పిలిచారు. వచ్చినవాళ్లు రాసిన కథల్లోంచి ఒకదాన్ని నేను ఎంచాలి. దాన్ని రెండోరోజు సాయంత్రం సభలో చదివిస్తారు, తర్వాత అచ్చు వేస్తారు.

మొదటిరోజు ఉదయం నా తొలి కథ చదివాను. అందులో చేప తోక ఉన్న గుర్రం ఒకటి వంశధారలో ఎదురీదుతూ కొండల్లోకి వెళ్లిపోతుంది. చదవడం అయ్యాక, మీరు ఎక్కడ కూర్చుని రాస్తారండీ అని ఎవరో అడిగారు. మా ముత్తాతగారి భోషాణం పక్కనే రాస్తాననీ, నా రాతప్రతులన్నీ నేటికీ అందులోనే ఉంటాయనీ చెప్పాను. భోషాణమంటే ఇద్దరు హాయిగా పడుకోగలిగేంత టేకు పెట్టె. అందరూ నా వంక గౌరవంగా చూశారు. నేను చెప్పింది అబద్ధం.

తర్వాత వాళ్లకు పని ఇచ్చాను. మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువును తీసుకుని, అందులోంచి ఒక వింత పుట్టించండి అన్నాను.

భోజనాల దగ్గర ముప్ఫై ఏళ్లున్న ఒకామె విస్తరాకు ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. సాలూరులో ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుందట. వాళ్ల నాన్న లారీ నడిపి, తర్వాత సొంత లారీ కొన్నాడట.

"మాస్టారూ, మీకొకటి సూపించాలండి. ఫోన్లో ఉన్నాది."

"ముందు కథ రాయండమ్మా. తర్వాత చూద్దాం," అన్నాను.

మధ్యాహ్నం ఆమె కథ చదివింది. ఒక లారీ డ్రైవరు ఇంట్లో పాత భోషాణం. దాని మూత లోపలివైపు మేకుతో గీసిన గుర్రం, దానికి చేప తోక. నాన్న బండి కొండదారిలో ఘాటీ దిగేరోజు కూతురు మూత ఎత్తి, సందులో కర్రముక్క పెడుతుంది. గుర్రం బయటికి వచ్చి, ఘాటీలో కమ్ముకున్న మంచులో ఈదుకుంటూ లారీకి దారి చూపిస్తుంది. నాన్న గుమ్మంలోకి వచ్చేదాకా ఆ పిల్ల కర్రముక్క తియ్యదు.

"గుర్రానికి సేప తోకేటండీ, గడ్డెలా తింటాది?" అని వెనక నుంచి ఒకడు అన్నాడు.

"నీళ్లల్లో గడ్డి నేదేటి?" అని ఆమె చదువుతూనే జవాబిచ్చింది. హాలంతా నవ్వింది.

నేను నవ్వలేదు. ఆమె గుర్రానికి ఎడమ చెవి లేదు. ఎనిమిదేళ్ల వయసులో నేను మా భోషాణంలో దాక్కుని మూత లోపల గుర్రాన్ని గీస్తుంటే మేకు జారి, ఆ చెవి గీయలేకపోయాను. నా పుస్తకంలో గుర్రానికి రెండు చెవులూ ఉన్నాయి. ఒంటి చెవి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కథ కూడా నా కథ కంటే బాగుంది. నా గుర్రం కొండల్లోకి పోయి ఊరుకుంది. ఆమె గుర్రం ఒక మనిషిని ఇంటికి తెచ్చింది.

సంఘం కార్యదర్శి, రిటైరైన లెక్చరరు, లేచి నిలబడ్డాడు. "పొద్దున్న మాస్టారు గుర్రం కథ సదివారు. భోషాణం గురించి సెప్పారు. రెండూ కలిపి వండి తెచ్చేసినావా తల్లీ?"

"కాపీ కాదండి. ఆ పెట్టి మా ఇంట్లో ఉన్నాది."

"దివానుగారి భోషాణం మీ ఇంటికెందుకొస్తాదమ్మా, లారీ ఎక్కి వచ్చిందేటి?"

మళ్లీ నవ్వారు. ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. తెర వెలిగింది. అందులో ఉన్న మూత ఫొటో ఒక్కటి చూపిస్తే చాలు, ఆమె దొంగ కాదని తేలిపోతుంది, నేను అబద్ధాలకోరునని కూడా. ఆమె నా వైపు చూసింది. కార్యదర్శి, "మీరు సెప్పండి మాస్టారూ," అన్నాడు.

ఒక్క మాట నేనంటే అయిపోయేది. నేను వెన్ను ఇంకా నిలబెట్టి, "కొత్తగా రాసేవాళ్లకి ఇలాంటివి జరుగుతుంటాయి. నేను పట్టించుకోను. ఆవిణ్ణి ఏమీ అనకండి," అన్నాను.

నా పెద్దమనసుకు చప్పట్లు కొట్టారు.

ఆమె ఫోను ఆర్పి సంచిలో పెట్టేసింది. "ఉండనివ్వండి మాస్టారూ. నా కథ తీసెయ్యండి," అంది. ఆ గొంతులో కోపం లేదు. పెద్దవాళ్ల పంచె జారితే చూడనట్టు తల తిప్పుకుంటామే, అలా అంది. ఆమెకు మొదటినుంచీ అంతా తెలుసు. భోజనాల దగ్గర ఆ బొమ్మను నాకొక్కడికే చూపించి సంతోషపెడదామని వచ్చింది.

రెండోరోజు ఆమె రాలేదు. నేను వేరే కథ ఎంచాను. అది దేని గురించో ఇప్పుడు గుర్తు లేదు.

ఆ తర్వాత ఒకసారి విజయనగరం కాంప్లెక్సులో సాలూరు బస్సు ఎక్కాను. బడి పేరు కనుక్కుని, ఆమె దగ్గర నిజం ఒప్పుకుందామనీ, సంఘానికి ఉత్తరం రాసిస్తాననీ అనుకున్నాను. డ్రైవరు బండి తీసేలోగా దిగిపోయాను.

భోషాణం అమ్మింది నేనే, మా నాన్నగారు పోయిన ఏడాది. సాలూరు నుంచి లారీ తెచ్చుకుని ఒకాయన వచ్చాడు. "బాబుగారూ, మీరు లోపలికెళ్లిపోండి, సూడకండి," అన్నాడు. అది గుమ్మంలో పట్టలేదు. రెండు తలుపులూ ఊడదీసి బయటికి తెచ్చారు. ఆ తలుపులు మళ్లీ బిగించలేదు. మరుసటి నెల వాటిని కూడా అమ్మేశాను.