అక్క కాళ్ళు చాపుకోవాలని కొన్న కారు

మొన్న ఆదివారం పొద్దున్నే పక్కింటి ఇంజనీరుగారు చేతిలో ఫోను పట్టుకుని మా గేటు దగ్గర నిలబడ్డారు. రిటైరయ్యాక పొద్దు గడవక ఆయన పాత వస్తువుల మీద పడ్డారు. గ్రామఫోను అయింది, గోడ గడియారాలు అయ్యాయి, ఇప్పుడు కారు. ఎక్కడో ఉత్తరాదిన ఎవరో అమ్మకానికి పెట్టిన పాతకాలపు ఫియట్టు కారు ఫొటో చూపించి, "మీరు హిందీ టీచరుగా చేశారు కదమ్మా, అమ్మేవాడితో రెండు ముక్కలు మాట్లాడి పెట్టండి. మాటను బట్టి మనిషి ఎలాంటివాడో తెలిసిపోతుంది కదా" అన్నారు. నేను ఆ ఫోను ముట్టుకోలేదు. "టికెట్టు కొనుక్కుని వెళ్ళి కళ్ళతో చూసి రండి. లేకపోతే మానేయండి" అనేసి లోపలికి వచ్చేశాను. విజయనగరంలో ఇన్నేళ్ళ కాపురంలో ఇంటికొచ్చిన మనిషితో అంత పెడసరంగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన నొచ్చుకునే ఉంటారు. ఎందుకలా అన్నానో చెప్పాలంటే మా బావ దగ్గర మొదలుపెట్టాలి.

బావ అంటే మా అక్క భర్త. నౌపడ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళో చేపల వ్యాపారం చేసేవాడు. పడవలు ఒడ్డుకు రాగానే చేపలు కొని, ఐసుపెట్టెల్లో సర్ది, తన చిన్న వ్యానులో పాతపట్నం దాకా తీసుకెళ్ళి సంతల్లో వేసేవాడు. మొప్ప ఎత్తి చూడకుండా, పొట్ట నొక్కకుండా ఒక్క చేప కూడా కొని ఎరగడు. ఆ అలవాటు చేపలతో ఆగలేదు. బట్టల కొట్లో చీర అంచును గోటితో గీకేవాడు. పుచ్చకాయను చెవి దగ్గర పెట్టుకుని ఎంతసేపు వినేవాడంటే, కొట్టువాడు విసుక్కుని వేరే బేరం చూసుకునేవాడు. నా పెళ్ళిచూపులకు వచ్చిన పెళ్ళికొడుకును అందరి ముందూ "ఒకసారి అలగ గుమ్మందాకా నడిసి రండి బాబూ, సూద్దాం" అన్నాడు. పాపం ఆయన నడిచాడు. ఆయన్నే నేను చేసుకున్నాను. అలాంటి మనిషి తన జీవితంలో అన్నిటికంటే పెద్ద వస్తువును చూడకుండా, ముట్టుకోకుండా కొన్నాడు. కొనిపించింది నేను.

అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు అది కొత్త జబ్బు కాదు, వీధికి ఒకరిద్దరు ఉంటారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి శ్రీకాకుళం వెళ్ళాలి. ఊరి నుంచి టెక్కలికి ఆటో, అక్కడి నుంచి బస్సు. వెళ్ళేటప్పుడు ఒళ్ళంతా నీరు పట్టి ఆయాసం. వచ్చేటప్పుడు పిండేసిన గుడ్డలా ఉండేది, పిక్కలు పట్టేసేవి. మోకాళ్ళు ముడుచుకుని బస్సు సీట్లో కూర్చోలేక, పదిమందిలో గట్టిగా ఏడవలేక, చీరకొంగు నోట్లో కుక్కుకునేది. ఒకసారి అద్దెకారు మాట్లాడితే, వాంతి చేసుకుందని ఆ డ్రైవరు నరసన్నపేట దాటాక ఇద్దర్నీ ఎండలో రోడ్డు మీద దింపేసి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఆసుపత్రిలో పరిచయమైన ఒక పెద్దాయన తన పాత అంబాసిడర్‌లో వాళ్ళను ఇంటిదాకా దింపాడు. మంచంలాంటి వెనక సీటు. అక్క బావ ఒళ్ళో తల పెట్టుకుని, కాళ్ళు చాపుకుని దారంతా నిద్రపోయింది. ఇంటి ముందు లేపితే "అప్పుడే వచ్చీసినామేటి?" అందట. బావ ఆ మాట నాకు ఫోనులో మూడుసార్లు చెప్పాడు.

అంతే, అంబాసిడర్ కొనాలన్నది బావకు పిచ్చిలా పట్టుకుంది. జిల్లాలో అమ్మేవాళ్ళు ఎవరూ కనబడలేదు. అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఎవరో పాత బళ్ళు అమ్మే సైటు ఒకటి చూపించారు. అందులో దొరికింది. మీగడరంగు, ఎర్ర సీట్లు, డ్యాష్‌బోర్డు మీద చిన్న పంకా, అద్దంలా మెరిసే బానెట్టు. ఉన్నది మాత్రం మూడు రాష్ట్రాల అవతల. బావ నాకు ఫోను చేశాడు. "మరదలా, నాకా బాస రాదు. మీ అక్కనొగ్గీసి నాలుగు రోజులు నానెక్కడికీ ఎల్లలేను. నువ్వు మాటాడు. సెలవుల్లో ఒక్కసారి ఎల్లి సూసొచ్చీ. తలుపు తీసి ఎయ్యి. కిందకి ఒంగి సూడు. అది సాలు." మాట్లాడతానన్నాను. వేసవి సెలవులకు టికెట్టు కూడా తీసుకున్నాను.

అమ్మేవాడిది ముసలి గొంతు. సైన్యంలో పనిచేశానన్నాడు. కారు చనిపోయిన భార్యదట, ఆమె గుర్తుగా రోజూ తుడుచుకుంటున్నాడట, డబ్బుకోసం కాదు, మంచి ఇంటికి వెళ్ళాలనే అమ్ముతున్నాడట. ఆ కథ సంగతి అలా ఉంచండి, ఆయన మాట్లాడిన హిందీ వినాలి! ఇరవై ఏళ్ళుగా నేను నల్లబల్ల మీద రాస్తూ, పిల్లలు ఆవలిస్తుంటే ఒక్కదాన్నే మాట్లాడుకుంటూ వచ్చిన అచ్చమైన హిందీ. రెండో రోజు ఆయన "దక్షిణాది వాళ్ళలో ఇంత శుద్ధంగా మాట్లాడేవాళ్ళను నేను వినలేదు బేటీ" అన్నాడు. కారు తర్వాత సంగతి, ముందు అక్కడ అమ్ముడుపోయింది నేను. ఆ రోజంతా వంటింట్లో ఆ వాక్యాన్నే తలుచుకుని నవ్వుకున్నానంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నాలుగో రోజు, ఇంకెవరో ఎల్లుండి వచ్చి కారు తీసుకుపోతారని, నాకిచ్చిన మాట కోసం ఆపి ఉంచానని, ఇంక ఆపలేనని చెప్పాడు. బావకు ఫోను చేసి, "మనిషి పెద్దమనిషి బావా. మాటలోనే తెలుస్తన్నాది. ఎల్లక్కర్లేదు, పంపించమందాం" అన్నాను. ఫోనులో సముద్రం హోరు వినబడుతూనే ఉంది. "నువ్వు సెప్పినావంటే అంతే మరి" అన్నాడు. ఆ సాయంత్రం నేను టికెట్టు రద్దు చేసుకున్నాను. ఆ వారంలోనే బావ చేపల వ్యాను అమ్మేశాడు.

జూన్‌లో లారీ మీద కారు టెక్కలి వచ్చింది. నేను కూడా వెళ్ళాను. దూరం నుంచి అచ్చం ఫొటోలోలాగే ఉంది. దగ్గరికి వెళ్తే కొత్త రంగు వాసన. తోస్తేగానీ లారీ దిగలేదు, ఎంత తిప్పినా స్టార్టు కాలేదు. తాడు కట్టి షెడ్డుకు లాక్కుపోయారు. అక్కడి మేస్త్రి ముందు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. స్క్రూడ్రైవరు తీసి తలుపు కింది అంచున పొడిచాడు. అది పిడిదాకా దిగిపోయింది. లోపల రబ్బరు పట్టా ఎత్తితే, కింద ఇనుము లేదు, తారు పూసిన డబ్బా రేకు. "బావూ, ఇది ఒక బండి కాదు. ముందు సగం ఒకదాంది, ఎనక సగం ఇంకోదాంది. మద్దిన అతికీసి, పుట్టీ ఎట్టి రంగేసినారు" అన్నాడు మేస్త్రి. ఇంజను మీది నంబరూ కాగితాల్లో నంబరూ కలవలేదు. బావ వంగి కారు కిందికి చూశాడు. లేవలేదు. అలాగే మోకాళ్ళ మీద చాలాసేపు ఉండిపోయాడు. నేను పక్కకు వెళ్ళి ఆ ముసలాయనకు ఫోను చేశాను. ఎత్తాడు. అదే గొంతు, అదే చక్కని హిందీ. "పాత బండి పాతగానే ఉంటుంది బేటీ" అన్నాడు. ఆ తర్వాత ఆ నంబరు ఇక మోగలేదు. పోలీసు స్టేషనుకు వెళ్తే ఎస్సైగారు కాగితం తీసుకుని, కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా "చూడకుండా ఎలా కొన్నారండీ?" అని అడిగారు. అడగనివాళ్ళు లేరు. అందరికీ బావే తల వంచుకుని "బుద్ది లేక" అని జవాబిచ్చేవాడు. మరదలు చెప్పిందని ఒక్కరికంటే ఒక్కరికి కూడా చెప్పలేదు.

వ్యాను లేదు గనక వ్యాపారం లేదు. బావ ఇంకొకరి దగ్గర ఐసు కొట్టే పనికి కుదిరాడు. డయాలసిస్ లేని రోజుల్లో షెడ్డుకు వెళ్ళి మేస్త్రితోపాటు ఆ తుప్పు కింద కూర్చునేవాడు. ఇనప పట్టీలు వేయించి, సన్నగా ఉన్నచోటల్లా రేకులు అతికించి, ఎలాగో ఇంజను మోగేలా చేశారు. "ఊళ్ళో తిప్పుకో. పెద్ద రోడ్డు మాత్రం ఎక్కకు బావూ" అని మేస్త్రి చెప్పి పంపాడు. బావ దాన్ని ఇంటి పక్క పాకలో పెట్టాడు. అక్క కొన్నిసార్లు మధ్యాహ్నం పూట వెళ్ళి ఆ వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకునేదట. బాగానే ఉన్నాదే, కదలకపోతే ఏటి, అనేదట.

దసరా సెలవుల్లో నేను అక్క దగ్గరున్నాను. తుఫాను వస్తుందన్నారు. రెండు రోజులు గాలి, వాన. ఆటోలు లేవు, కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. అక్కకు ఒక డయాలసిస్ తప్పిపోయింది. మూడో రోజు పొద్దుటికి మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, గోడకు ఆనించి కూర్చోబెట్టాం. ప్రతి ఊపిరికీ లోపల నీళ్ళు కదిలినట్టు చప్పుడు. బావ ఊరంతా తిరిగి తడిసి ముద్దై వచ్చాడు. ఒక్క బండి దొరకలేదు. పాక వైపు చూశాడు. నేను వద్దన్నాను. "మరేటి సెయ్యమంటావు, సెప్పు! ఇలగ సూస్తా కూకోమంటావేటి?" అని అరిచాడు. నా మీద బావ అరవడం అదే మొదలు, అదే ఆఖరు.

అక్కను ఆ కారులోనే ఎక్కించి బయల్దేరాం. టెక్కలి దాకా ఏమీ కాలేదు. వాన అద్దం మీద బిందెలతో కుమ్మరిస్తోంది, వైపర్లు లేవు. బావ కిటికీలోంచి తల బయటపెట్టి నడుపుతున్నాడు. నేను వెనక అక్కను నా గుండెకు ఆనించుకుని కూర్చున్నాను. కోటబొమ్మాళి దాటాక రోడ్డు మీద ఒక గుంత వచ్చింది. పెద్దదేం కాదు. బట్ట చిరిగినట్టు ఒక శబ్దం. మా సీటు ఒక్కసారిగా కిందికి జారింది. కాళ్ళ దగ్గర రేకు విడిపోయి, రోడ్డు నీళ్ళు నేరుగా మా మీదికి చిమ్మాయి. కారు నడుము విరిగిన పశువులా మధ్యలో కుంగి ఆగిపోయింది. తలుపు బిగుసుకుపోయింది. బావ బయటికి దూకి రెండు చేతులతో లాగాడు, కాలితో తన్నాడు. తలుపు ఊడి అతని మీదే పడింది. అక్కను బయటికి తీసి రోడ్డు పక్క మైలురాయికి ఆనించి కూర్చోబెట్టాం. నా చీరకొంగు ఆమె తల మీద పట్టాను. వానకు అదేం ఆగుతుంది! ఆమె పెదవులు నల్లబడుతున్నాయి. నేను ఏడుస్తూ, "నాను ఎల్లి సూడాల్సిందే అక్కా, నాను ఎల్లలేదే, నానే నిన్ను..." అంటున్నాను. అక్క ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కొక్క మాటే ఏరుకుంటూ, "నోర్ముయ్యే. కాళ్ళు సాపుకుంటానని... అడిగింది... నానే కదే" అంది.

లారీలు రెండు ఆగకుండా పోయాయి. మూడోదానికి బావ నడిరోడ్డు మీద చేతులు చాపి నిలబడ్డాడు. అది హారను కొడుతూనే ఉంది, బావ కదల్లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి లారీ అతనికి చేతికందే దూరంలో ఆగి ఉంది. నౌపడ ఉప్పు లారీ. డ్రైవరు బూతులు తిడుతూ దిగి, అక్కను చూసి నోరు మూసుకున్నాడు. అతనే కాళ్ళ వైపు పట్టుకుని కేబిన్‌లోకి ఎక్కించాడు.

ఆసుపత్రికి చేరేసరికి అక్క వంతు దాటిపోయింది. మంచాలన్నీ నిండి ఉన్నాయి. సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక రైతు అప్పుడే సూది గుచ్చించుకోబోతూ, మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆయన కాళ్ళు కూడా అక్క కాళ్ళలాగే ఉబ్బి ఉన్నాయి. "ముందు ఆయమ్మకెట్టండి. నాను కాసేపు ఆగగల్ను" అన్నాడు. ఆయన పేరు కూడా మేం అడగలేదు. గంట గడిచాక అక్క పెదవులకు రంగు వచ్చింది. అప్పుడు బావ వరండాలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి, తడిబట్టలతో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను వెనక నిలబడి, "నన్ను తిట్టు బావా, ఒక్కసారైనా తిట్టు" అన్నాను. మొహం తుడుచుకుని, "తిడితే నువ్వు రావడం మానెస్తావు. మీ అక్కకి నువ్వు కావాల" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటను ఇన్నేళ్ళుగా మోయడం కంటే అదే తేలిక.

ఆ కారును రోడ్డు మీద నుంచే తుక్కువాళ్ళు తూకానికి పట్టుకుపోయారు. అక్క ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. బస్సుల్లోనే తిరిగింది. బావ రెండు టికెట్లకు బదులు మూడు తీసుకుని, మూడో సీటు మీద ఆమె కాళ్ళు పెట్టించేవాడు, ఎవరేమన్నా వినేవాడు కాదు. ఇంత తేలికైన ఉపాయం మాకు ముందెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. ఒక మార్గశిర మాసపు ఉదయం అక్క ఇంట్లోనే, చాప మీద, నిద్రలో పోయింది. బావ ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. నెలకోసారి ఫోను చేసి, "మరదలా, బాగున్నావేటి?" అంటాడు. కారు మాట ఇద్దరం ఎత్తం.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. చిన్నప్పుడు ఆ ఆరేళ్ళు నేనెప్పటికీ అందుకోలేని దూరంలా ఉండేవి. ఆమె ఆగిపోయిన వయసు నేను దాటి చాలా కాలమైంది. ఇప్పుడు కలలోకి వస్తే నాకంటే చిన్నదిగా వస్తుంది, నేనే ఆమెకు అక్కలా కనబడతాను. కాలం నన్ను మాత్రమే ఎక్కించుకుని వచ్చేసింది.