జమేదారు తవ్విపెట్టిన గుంతలు

ఆ రోజుల్ల మాకు భయమెంతనో ధైర్యం గూడ అంతనే ఉండె. ఏది ఎప్పుడు ముందుకొస్తదో మాకే తెల్వకపోయేది. నేను పాలకుర్తి దిక్కు ఒక పల్లెకు కొత్త కోడలుగా వచ్చిన ఏడాదే ఆ ఊరి దొర గడి విడిచి పట్నం పారిపోయిండు. పోయెటోడు ఊకె పోలే, అంతకుముందే గుట్టమీది చెట్లన్ని కొట్టించి బొగ్గు చేసి అమ్ముకున్నడు. గొడ్లకు నీడ లేకపాయె, వానొస్తే మన్నంత కొట్టుకొచ్చి చెరువు పూడుతుండె. ఇగ గుట్ట ఊరందరిదని, దొరలమీద కొట్లాడే సంఘపోళ్లు చెప్పంగనే, "అందరిదైతే అందరం కలిసి చెట్లు పెడదాం" అన్నది మా అత్త. (ఆమె గొంతుకు ఊరోళ్లు ఉరుముల అవ్వ అని పేరు పెట్టిండ్రు. నేను మనసులనే అనుకునేదాన్ని.)

ఇంటింట మోదుగాకు దొప్పలల్ల మన్ను నింపి చింత, కానుగ, మారేడు మొలకలు పెంచినం. సంఘంల చేరిన మొగోళ్లు పోలీసులకు దొరకకుంట అడవిల ఉండిరి, గుంతలు తవ్వుడు ఆడోళ్ల మీద పడ్డది. అంత మొరం నేల, గడ్డపార ఏస్తే నిప్పులు లేస్తుండె. గుట్ట కింది సగం తవ్వేటాళ్లకే చేతులు బొబ్బలెక్కినయి. మీది సగంల సున్నంతోని గుర్తులు పెట్టి, రేపు చూద్దామని కూలబడ్డం.

తెల్లారి పోలీసు జమేదారు సిపాయిలను ఏసుకొని గుట్టెక్కిండు. "ఏం దాస్తున్నరిక్కడ? తుపాకులా?" అన్నడు.

"మొక్కలకు గుంతలయ్యా" అన్నది అత్త.

"ఊరంత ఒక్కటై చెట్లు పెడ్తదా? ఎవలికి చెప్తున్నవ్! గా సున్నం గుర్తులేంది?"

అత్త నోరు తెరిచే లోపల్నే నేను, "గవి... గాడ ఇంక తవ్వలేదయ్యా" అన్న.

"ఓహో, దాచిన జాగలకు గుర్తులా!" అని సిపాయిలకు గడ్డపారలిప్పించిండు. అత్త నా జబ్బ గట్టిగ గిచ్చింది. ఏం దొరకకపోతే ఆ కోపం మా ఇండ్లమీద తీస్తడేమోనని నాకు ఒకటే గుబులు. పొద్దు నడినెత్తికొచ్చినా తవ్వుడే తవ్వుడు. రాళ్లు ఎల్లినయి, ఒక తేలు ఎల్లింది. "అవ్వా, జర నీళ్లు" అని ఒక సిపాయి అడిగితే అత్త చెంబందించి, "ఇంకింత లోతుగ తవ్వు బిడ్డా, దొరికినా దొరుకుతయి" అన్నది. నవ్వాపుకునేటందుకు నేను కొంగంత నోట్లె కుక్కుకున్న.

ఆఖరికి సున్నం గుర్తులన్ని గుంతలైనంక జమేదారు, "వానలు పడ్డంక మల్ల వస్త. ఒక్క గుంతల మొక్క లేకున్నా ఊరు తగలబెడ్త!" అని దిగిపోయిండు.

తొలకరి పడంగనే ముసలోళ్లు, చంటిపిల్లల తల్లులు, పక్క తండాల లంబాడోళ్లు, అందరు గుట్టెక్కినం. ఒక్క గుంత ఖాళీ లేదు. మొదటి చింతమొక్క అత్త నాతోనే పెట్టిచ్చింది. "నీ నోరుకు భయపడి నేను చస్తే, సర్కారోళ్లతోని గుంతలు తవ్విచ్చినవు గద పొల్లా" అన్నది. ఆ దినం ఆ గుట్టమీద నా అంత గొప్పది లేదనుకున్న.

జమేదారు మల్ల రాలే. చెట్లు ఎదిగినయి, ఇప్పుడు ఊరంత ఆ చింతపండే తింటున్నది. మనుమరాండ్లకు మాత్రం, జమేదారును నేను కావాలనే బుట్టల ఏసిన్నని చెప్తున్న. అత్త ఉంటే ఒప్పుకోకపోయేది. ఆమెతోని ఒక్కసారన్న "కాదే పొల్లా" అనిపించుకోవాలని ఉంటది.