అమ్మ రెండుసార్లు వద్దంది

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం మా నాన్న నన్నెత్తి కొత్త మోటార్ సైకిల్ వెనక సీటు మీద కూర్చోబెట్టి చూశాడు. తన నడుమూ నా నడుమూ కలిపి తువ్వాలు చుట్టి, ముడి బిగించి, "సరిపోయింది" అన్నాడు. గుమ్మంలో బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి చేటలోనే ఆగిపోయింది. అంతవరకూ సంబరంగా ఉన్న నాకు ఆ ఆగిన చేతిని చూశాక మొదటిసారి భయం వేసింది.

అప్పుడు మేం హౌరా పక్కన లిలువాలో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. తాతయ్యకు అక్కడి వర్క్‌షాపులో ఉద్యోగం. నాన్న భవానీపూర్‌లో నీటి పంపులు అమ్మే ఒక కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ పని మీద ఆయన విశాఖపట్నం వెళ్లాలి. హౌరాలో రైలెక్కితే మర్నాటికి దిగవచ్చు. కానీ ఆయనకు దారంతా చూస్తూ వెళ్లాలని కోరిక పుట్టింది. చాందీపూర్‌లో సముద్రం వెనక్కి పోయినప్పుడు తడి ఇసుక మీద నడవాలి, చిలికా సరస్సు ఒడ్డున పడవలు చూస్తూ టీ తాగాలి, గోపాల్‌పూర్‌లో ఒక రాత్రి ఉండాలి. దసరా పూజ సెలవులు కాబట్టి నన్నూ తీసుకెళ్లాలి. ఇదీ ఆయన వేసుకున్న ప్రయాణం.

"వద్దు. దారిలో పిల్ల నిద్దరోతే?" అంది అమ్మ.

"తువ్వాలు కట్టాను కదేటి!"

"ఆ లారీల మద్దిన గుంటని కూకోబెట్టి తీసుకెళ్తావా? వద్దంటన్నాను."

"నీకన్నిటికీ బయమే. చిలికా చూసేవంటే నువ్వే ఎక్కి కూకుంటావు" అని నాన్న నవ్వాడు. తాతయ్యా నవ్వాడు. నిద్రపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. మా నానమ్మ కూడా "బాగుంది నాయనా, ఎల్లిరా" అంది.

మర్నాడు పొద్దున్నే కుళాయి దగ్గర నానమ్మ అందరికీ చెప్పింది, మావాడు బండి మీద మన ఊళ్ల మీదుగా వెళ్తున్నాడు, మీవాళ్లకేమైనా పంపుకుంటే పంపుకోండి అని. కాలనీలో సగం ఇళ్లు శ్రీకాకుళం వాళ్లవే. మాలో ఊరివైపు వెళ్లేవాడు వట్టి చేతులతో వెళ్లడు. పట్టుకెళ్లమని ఇచ్చినదాన్ని కాదనడమంటే ఆ ఇంటితో మాటలు తెంచుకోవడమే. సాయంత్రానికి మా వరండా నిండిపోయింది. పలాసలో దింపాల్సిన ప్రెషర్ కుక్కర్, టెక్కలిలో ఇవ్వాల్సిన సందేశ్ మిఠాయి డబ్బాలు, మెటియాబ్రుజ్‌లో కుట్టించిన గౌన్ల మూట, నాకంటే పొడుగైన చాప. అన్నిటికంటే చివర పక్కింటి అత్త మూడు రెక్కల సీలింగ్ ఫ్యాన్ తెచ్చింది.

నాన్న తలపట్టుకున్నాడు. "అత్తా, ఇది బండి మీద ఎలాగ ఎల్తాది?"

"ఏటి బాబూ, మా సెల్లికి ఒక్క ఫేను ఒట్టుకెళ్లలేవా? బండి కొన్నాక మేం కానోళ్లమైపోయామేటి?"

"అది కాదత్తా, పిల్ల కూకోవాలి కదా!"

"పిల్లెందుకు, ఆడుకునే పిల్ల! ఫేను కట్టు."

నాన్న నిజంగానే తాళ్లు తెచ్చి కట్టి చూశాడు. నేను కూర్చోవలసిన చోట కుక్కర్ కూర్చుంది. ఫ్యాన్ రెక్కలు రోడ్డుకు అడ్డంగా రెండు పక్కలా చాచుకున్నాయి. ఎవరినీ కాదనలేక ఆ రాత్రే వెళ్లి రైలు టికెట్ తీసుకున్నాడు. నానమ్మ అమ్మవైపు చూసి ముసిముసిగా నవ్వింది. అమ్మ నవ్వలేదు.

ఈ కథ మా ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లలో చెప్పుకున్నారో! నానమ్మ తెలివి, నానమ్మ తెలివి అని. నేనూ మురిసిపోయి చెప్పుకున్నాను. నాకు పిల్లలు పుట్టాక ఒకసారి అమ్మ దగ్గర ఆ మాటెత్తితే, "మీ నాన్న ఫేను మాట విన్నాడు" అంది.

నిన్న మా ఆయన ఫోనులో దారి చూపించారు. కొండల కింద ఉన్న సిలిగురిలో ఆయనకు ఆఫీసు పని. బండి మీద కొండలూ తేయాకు తోటలూ చూసుకుంటూ కొన్ని రోజుల ప్రయాణం, వెనక మా తొమ్మిదేళ్ల పెద్దమ్మాయి. నేను వద్దన్నాను. ఆయన నవ్వి, ఫోటోలు చూపించారు. ఎంత అందమైన దారో అన్నారు. దారి అందంగా లేదని నేనన్నానా? నా మాటకు జవాబుగా లోయలు చూపిస్తారేమిటి? అత్తగారికి ఫోన్ చేద్దామా, ఆయన ఆఫీసువాళ్ల భార్యల చేత చెప్పిద్దామా అని నా మనసు కూడా ఉపాయాలు వెతకడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆనాడు అమ్మ తెలుగులోనే చెప్పింది, రెండుసార్లు చెప్పింది. ఒక తల్లి మాట వినిపించడానికి ఊరంతా సామాన్లు మోసుకు రావాలా? నానమ్మ నన్ను కాపాడింది, కాదనను. కానీ ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది ఆమె ఉపాయం కాదు, అమ్మ నవ్వకపోవడం.

ఈ పొద్దున టిఫిన్ దగ్గర, ఆయన ఎదురుగానే, పిల్లలిద్దరికీ చెప్పాను. అక్క బండి మీద వెళ్లదు. కొండలు చూడాలంటే అందరం రైల్లో వెళ్దాం.

"నాన్న సరే అన్నారుగా!" అంది పెద్దమ్మాయి, కళ్లనిండా నీళ్లతో.

"నాన్న సరే అన్నారు. నేను వద్దన్నాను. ఎవరైనా వద్దంటే ముందు ఆగాలి. ఎందుకని తరువాత అడగండి, చెప్తాను. ఆ మాటకు నవ్వడం మాత్రం ఈ ఇంట్లో కుదరదు."