తుత్తం తాగిన కట్టె

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందు సంవత్సరం. మార్కాపురం అప్పట్లో మద్రాసు రాజధానిలో, కర్నూలు జిల్లా కింద ఉండేది. ఆ ఊళ్లో ఒక పాఠశాలలో నేను సైన్సు మాస్టరుగా చేరి ఏడు నెలలైంది. నాకు ఇరవై మూడేళ్లు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

నేచర్ స్టడీ అని ఒక పాఠం ఉండేది. మొక్కలనూ ప్రాణులనూ పుస్తకంలో కాకుండా కళ్లెదుట చూపించి చెప్పాలి. దానికోసం ఒక ఆక్వేరియం తయారు చేయించాను. అడుగున నల్లటి పలకరాయి, చుట్టూ ఇనుప చట్రంలో అద్దాలు. గుండ్లకమ్మలో పట్టిన పదకొండు పరిగె చేపలు, కొన్ని నత్తలు, కాస్త నాచు వేశాను. పిల్లలు గంట కొట్టినా దాని దగ్గర నుంచి కదిలేవాళ్లు కాదు.

ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. బడికి సున్నాలు వేయించడం మొదలుపెట్టారు. నా తొట్టి కూడా అందంగా కనిపించాలనుకున్నాను. వరద తీశాక గుండ్లకమ్మ ఇసుకలో ఒక వేరుకట్టె దొరికింది. నీళ్లు నున్నగా అరగదీసిన కట్టె, జింక కొమ్ములా చీలి ఉంది. చేపలు దాని సందుల్లో దూరి తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుందనుకున్నాను.

అలాంటి కట్టెను తొట్టికి సిద్ధం చేయడానికి వారాలు పడతాయని నాకు తెలుసు. కానీ తనిఖీకి ఉన్నది పది రోజులే. నాలుగు రోజులు నానబెట్టాను. ఐదో రోజుకు దానిమీద తెల్లటి జిగురు పట్టింది. కొత్త కట్టె నీళ్లలో పడితే అది పట్టడం మామూలే, తుడిచేస్తే కొన్నాళ్లకు అదే పోతుంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. ఏదో తెగులు అనుకున్నాను. ల్యాబొరేటరీలో కాపర్ సల్ఫేటు ఉంది. రైతులు మైలుతుత్తం అంటారు. బూజును చంపుతుంది. ఆ నీళ్లలో కట్టెను ఒక రాత్రంతా ఉంచి, పొద్దున రెండు కడవల నీళ్లతో కడిగి, తేలకుండా పలకరాయి ముక్కకు కట్టి తొట్టిలో దించాను.

మూడో రోజు పొద్దున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మధ్యాహ్నానికి పదకొండూ తేలిపోయాయి.

బడికి నీళ్లు మోసే ఆమె పేరు గురవమ్మ. నలభై దాటిన మనిషి. తొట్టిలో రోజూ పొద్దున పాతనీళ్లు రెండు చెంబులు తీసి కొత్తనీళ్లు పోసేది ఆమే. సున్నం కలిపే వాళ్లకు నీళ్లిచ్చేదీ ఆమే. హెడ్మాస్టరు గారు ఒకటికి ఒకటి కలిపేశారు.

"సున్నపు కుండతో నీళ్లు పోసినావు గదా?" అన్నారు.

"లేదు సామీ. ఆ కుండ వేరు, ఈ చెంబు వేరు."

"మరి అన్నీ ఒక్కసారే ఎట్ల చచ్చినాయి? రేపట్నుంచి రావద్దు."

ఆమె నా వైపు చూసింది. సున్నమే అయి ఉంటుందని నేనూ అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనుకోవాలని కోరుకున్నాను. తల దించుకున్నాను.

చచ్చిన చేపలను తీసి, కట్టెను పెరట్లో వాననీళ్లు నిలిచిన రాతితొట్టిలో పడేశాను. అందులో కప్పపిల్లలు ఈదుతుండేవి. మర్నాడు పొద్దునకు అవన్నీ అడుగున పడి ఉన్నాయి. ఆ నీళ్లకు సున్నం తగల్లేదు. గురవమ్మ చెయ్యీ తగల్లేదు.

రెండు గాజు జాడీలు తీసుకున్నాను. బావినీళ్లు నేనే తోడి రెండింటిలో పోశాను. గుండ్లకమ్మ నుంచి కొత్తగా తెప్పించిన పరిగెలు చెరి రెండు వేశాను. ఒకదానిలో ఆ కట్టె నుంచి చెక్కిన పేడు వేశాను. రెండోది కంట్రోల్. అంటే, ఏ మార్పూ చేయకుండా పోల్చి చూడడానికి పక్కన ఉంచేది. సాయంత్రానికి పేడు వేసిన జాడీలో చేపలు చచ్చిపోయాయి. కంట్రోల్‌లోవి హాయిగా తిరుగుతున్నాయి. నేను కడిగింది కట్టె పైభాగాన్నే. లోపలికి తాగిన తుత్తం మెల్లగా నీళ్లలోకి దిగింది.

మర్నాడే తనిఖీ. ఖాళీ తొట్టిని చూసి ఇన్‌స్పెక్టరు, "ఇదేమిటి?" అని అడిగారు. "నీళ్లు మోసే ఆమె పొరపాటు చేసిందండీ. తీసేశాం," అన్నారు హెడ్మాస్టరు గారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. నా ఉద్యోగం గురించి ఇన్‌స్పెక్టరు రాయబోయే నాలుగు మాటలే నాకు కనిపించాయి.

అలా పది రోజులు గడిచాయి. గురవమ్మ మళ్లీ పలకల గనికి పోతోందని బడి తోటమాలి చెప్పాడు. ఆమె మొగుడు ఆ గనిలోనే పనిచేసి, రొమ్ములో పలకపొడి పేరుకుని దగ్గి దగ్గి పోయాడట. అక్కడే పలకలు కొట్టే ఆమెకూ దగ్గు మొదలైతే, ఆ దుమ్ములోకి పోవద్దని డాక్టరు చెప్పాడట. అందుకే బడిలో నీళ్లు మోయడానికి వచ్చింది. ఈ సంగతి నాకు అంతవరకూ తెలియదు. తెలుసుకోవాలని అనుకోనూ లేదు.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరు గారి ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పాను.

"ఆమె స్థానంలో ఇంకొకర్ని పెట్టినాను గదయ్యా. ఇప్పుడు తీసేదానికి కాదు. నీ పర్మినెంటు ఆర్డరు రానీ. ఈ మాట మన మధ్యనే ఉండనీ," అన్నారు.

"లేదండీ. ఇన్‌స్పెక్టరు గారికి నేను జాబు రాస్తాను."

"రాస్తే నీ ఉద్యోగానికే మోసం."

రాశాను. ఆ తర్వాత గనికి వెళ్లాను.

ఆమె రాళ్లకుప్ప పక్కన కూర్చుని పలకల అంచులు కొడుతోంది. కొంగు ముక్కుకు చుట్టుకుంది. కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"అక్కా, చేపలు నీ వల్ల చావలేదు. నేను కట్టెకు మందు పెట్టినాను. దానివల్ల చచ్చినాయి."

"నాకు తెలుసు నాయనా," అంది.

నేను నివ్వెరపోయాను. "ఎట్ల తెలుసు?"

"కట్టె ఏసిన మర్నాడే నత్తలు అద్దం ఇడిసి అడుగున పడినాయి. అంతకుముందు ఒక్కటి గూడా అట్ల పడలే. నాచు గూడా నల్లబడె. పొద్దున్నే నీళ్లు పోసేది నేనే గదా, దినమూ చూస్తా ఉంటి."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

ఆమె దగ్గింది. దగ్గు ఆగేదాకా చేతిలోని పలకను గట్టిగా పట్టుకుంది.

"కుండ ఏందని అడిగినారు, చెప్పినా. నువ్వేం చూసినావని ఎవురూ అడగలే. మీరంతా సదువుకున్నోళ్లు, మీకు తెలీదా అనుకున్నా."

నేను చదివిన చదువులో నత్తల గురించి ఉంది. నీళ్లలో ఏ విషం చేరినా ముందుగా చెప్పేవి అవేనని పరీక్షలో రాశాను కూడా. నా తొట్టిలో నత్తలు రాలిపోతుంటే చూడలేదు.

నా జాబుకు జవాబుగా మందలింపు వచ్చింది. పర్మినెంటు ఒక సంవత్సరం వెనక్కు పోయింది. కానీ జూన్‌లో బడి తెరిచేటప్పటికి గురవమ్మను తిరిగి తీసుకోమని ఉత్తర్వు కూడా వచ్చింది. అప్పటికి ఆమె ఎనిమిది నెలలు ఆ దుమ్ములో ఉంది.

రెండోసారి కట్టెను ఇద్దరం కలిసి తయారుచేశాం. బెరడు వలిచి, మెత్తబడిన చోటల్లా కత్తితో తోడేశాం. సబ్బు, సోడా తగలనివ్వకుండా కొబ్బరిపీచుతో రుద్దాం. వంటకు వాడని పాత డేగిసాలో ఒక పూటంతా ఉడికించాం. ఆ తర్వాత నానబెట్టి, నీళ్లు మారుస్తూ పోయాం. "ఇంకా టీ రంగు దిగతాంది," అని ఆమె ప్రతి పొద్దునా చెప్పేది. నలభై రోజుల పైన పట్టింది. నీళ్లు తేటగా నిలిచి, కట్టె తనంతట తాను మునిగాక, ముందు ఒక జాడీలో రెండు పరిగెలతో వారం రోజులు ఉంచి చూశాం. ఆ తర్వాతే తొట్టిలోకి దించాం. ఇప్పుడు ఇళ్లలో చేపలు పెంచేవాళ్లు ఎవరడిగినా ఇదే పద్ధతి చెబుతాను. తొందరుంటే కట్టె వద్దంటాను.

ఒక నోటుపుస్తకం కూడా మొదలుపెట్టాను. ప్రతి పొద్దునా నేను తొట్టి వైపు చూడకముందే, "అక్కా, ఏం చూసినావు?" అని ఆమెను అడిగేవాణ్ని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసేవాణ్ని. ఆ తర్వాతే నేను చూసింది రాసేవాణ్ని.

ఆమె దగ్గు తగ్గలేదు. నాలుగేళ్లు చేసి, ఒక ఎండాకాలం మంచాన పడి చనిపోయింది. ఆ దగ్గులో ఆమె అంతకుముందు గనిలో గడిపిన ఏళ్ల పాలు ఎంతో, నా పది రోజుల మౌనం పాలు ఎంతో ఏ ప్రయోగంతోనూ తేల్చలేను. ఏదైనా పాడైనప్పుడు, దాన్ని రోజూ చూసే మనిషిని ముందుగా అడగాలి. తప్పు నాదని తెలిసిన పూటే నోరు తెరవాలి. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను గానీ, నేను నేర్చుకున్నవి ఈ రెండే.