పోగు అతికిన చేతులు

నిండు సినిమా హాలులో, మైకు పట్టుకున్న మనిషి నన్ను అబద్ధాలకోరును చేసిండు. నేను చెప్పింది నిజం. నలభై ఏండ్లు దాటినా ఆయన తన మాట వెనక్కి తీసుకోలేదు.

మాది కరీంనగర్ దిక్కు మరమగ్గాల ఊరు. చీనా కొట్లాట సినిమాలొస్తే వాటి మాటలు ఎవరికీ తెల్వవు కాబట్టి, తెర పక్కన ఒకాయన నిలబడి మైకులో తెలుగులో కథ చెప్పేవాడు. ఆయన గొంతంటే ఊరంతా చెవి కోసుకునేది.

ఆ రోజు మ్యాట్నీ, ఆ సినిమాకు మా ఊర్ల అదే మొదటి ఆట. బట్టలకు రంగులద్దే ఇంట్లో వరుస హత్యలు. తాటిచెట్టంత ఎత్తు నుంచి పట్టుబట్టలు వేలాడుతుంటయి. ఒక మనిషి చచ్చినప్పుడల్లా ఒక బట్ట ఊడి మీద పడుతుంది. తెరంతా ఒకసారి పసుపు, ఒకసారి నీలం. బట్టల వెనుక నీడలే కత్తులు దూసుకుంటయి. చచ్చినోళ్ళ మెడకు ముడేసిన పట్టుపోగు. "చంపేది ఒంటికన్ను కావలోడే" అని ఇంటర్వెల్‌కు ముందే మైకాయన తేల్చిండు. ఇంటి దొరసాని మగ్గమే ఎరుగనంటున్నదనీ ఆయనే చెప్పిండు.

నేను బడికి పోయింది మూడేండ్లు. నూలు కట్టలకు చుట్టి వచ్చిన పాత పేపర్లే నా తర్వాతి చదువు. కానీ మగ్గం మీద చేతులెట్ల కదులుతయో నాకు ఒకరు చెప్పే పని లేదు. ఇంటర్వెల్ అయినంక ఒక సీనుల దొరసాని తెగిన పోగును రెండు వేళ్ళ నడుమ మడిచి, బిగించి, కొసను పండ్లతో కొరికింది. మా అవ్వ చేసినట్టే. చచ్చినోళ్ళ మెడ మీదిదీ అదే ముడి.

లేచి అరిచిన: "కావలోడు కాదు! గా దొరసాని!"

"ఏందిరా, చీనాల పుట్టినవా? కూసో!" అన్నది మైకు.

హాలంతా నవ్వింది. నా పక్కనున్న మా అన్న సుత నవ్విండు. అంతలోనే కరెంటు పోయింది, మళ్ళ రాలే. మర్నాటికి సినిమా మారింది. మైకాయన మాటే నిలిచింది, నాకు 'చీనోడు' అన్న పేరు నిలిచింది. నా పెండ్లిల వడ్డించేటోడు సుత "చీనోనికి ఇంకింత బువ్వ వెయ్యి" అన్నడు. మైకాయన ఇచ్చోడలో బిడ్డ దగ్గరికి మకాం మార్చేదాక, ఆయన ఇంటి ముందు నుంచి పోతే ఉమ్మకుండ పోలేదు నేను.

మొన్న అదే సినిమా తెలుగు మాటలతో ఫోనులో దొరికింది. ఆఖరిదాక చూసిన. దొరసానే. మూడుసార్లు చూసిన, కడుపు నిండలే. ఒక్కన్నే చూస్తే ఏం లాభం? బస్సెక్కి ఇచ్చోడకు పోయిన. ఆయన రోజూ కూసునే చాయ్ హోటల్ నిండే యాళ్ళ చూసుకొని, ఆయన బల్ల మీద ఫోను పెట్టి, సౌండు పూర్తిగా పెంచిన. పదిమంది మూగిండ్రు. దొరసాని పట్టుబడ్డది.

"ఇప్పుడు చెప్పు, అందరూ వినంగ. ఎవరు?"

ఆయన చాయ్ గ్లాసు మెల్లగ కింద పెట్టిండు. గొంతు మాత్రం అదే గొంతు.

"గప్పుడే నాకెరుక తమ్మీ. పొద్దుగాల ఖాళీ హాలుల ఒక్కన్నే రీళ్ళన్ని ఏయించుకొని చూసిన గద. కావలోడని చెప్పింది మిమ్ముల ఆగం చేసేటందుకే. నువ్వు నడుమల లేసి నా కథంత చెడగొడితివి. ఏం చెయ్యాలె, మైకు నా చేతుల ఉండె."