సున్నితంగారి మెడనరం

వీధి మలుపులో క్షౌరశాల నడిపే ఆయన్ని ఊరంతా సున్నితం అనేది. ఆయన గడ్డం గీస్తుంటే కూర్చున్నవాడు కునుకు తీయవలసిందే. అంతటి హస్తవాసి గల మనిషి ఒకనాటి పొద్దున్న షట్టరు ఎత్తి, అద్దంలో తన మెడ చూసుకొని నీరుగారిపోయాడు. కుడివైపు నరం వానపాములా ఉబ్బి ఉంది.

గుండెజబ్బు ఉంటే మెడనరాలు పొంగుతాయని ఎవరో అదే కుర్చీలో కూర్చుని సెలవిచ్చారు. క్షౌరశాలలో దొరకని వైద్యం లోకంలో ఉండదు కదా!

డాక్టరు దగ్గరికి పోవచ్చు. కానీ తుమ్మొచ్చినా ఆస్పత్రికి పరుగెత్తే బావమరిదిని నలుగురిలో ఎగతాళి చేసిన నోరు ఆయనది. ఇప్పుడు అవే మెట్లెక్కితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? అందుచేత స్వయంగా పరిశోధనకు పూనుకున్నాడు. నురగ పూయడం, వచ్చినవాడి గడ్డం పైకెత్తడం, నరం వెతకడం, తనదానితో పోల్చుకోవడం.

ఒకరోజు రిటైరైన హెడ్మాస్టరుగారు కూర్చున్నారు. ఒక చెంప పూర్తయింది. రెండోవైపు తల తిప్పితే నరమన్నదే కనబడలేదు. సున్నితం కత్తి గాలిలో ఆపి, మెడ మీదికి వంగి ఉండిపోయాడు.

"ఏంటయ్యా అలా చూస్తున్నావు?"

"కదలకండి మాస్టారూ. నరం ఎక్కడుందో వెతుకుతున్నా."

మాస్టారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు. మెడకు కట్టిన గుడ్డతో, చెంప మీది నురగతో వీధిన పడ్డారు. వీధి విరగబడి నవ్వింది. మధ్యాహ్నానికి వార్త ఇంటికి చేరింది.

"పెద్దాయన పీక కొయ్యబోయారటగా?" అంది భార్య.

"నా మెడనరం పొంగుతోందే. గుండెకేదో అయింది," అన్నాడాయన, గోడతో చెబుతున్నట్టు.

ఆమె నవ్వలేదు. "మా తమ్ముడికి తెలిస్తే నవ్వుతాడని దాచారా? నవ్వనీండి. నవ్వించుకోడానికైనా మీరుండాలిగా! పదండి."

డాక్టరమ్మ ఆయన్ని తల కాస్త ఎత్తుగా పెట్టి పడుకోబెట్టింది. మెడ చూసింది, గుండె చప్పుడు విన్నది, ఈసీజీ తీయించింది.

"ఎప్పుడు పొంగుతోంది?"

"పొద్దున్నే షట్టరు ఎత్తగానే అండి."

"ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఎవరికైనా పొంగుతుంది. మీది సన్నటి మెడ, బాగా కనబడుతుంది. తిన్నగా కూర్చున్నా తగ్గకపోతే, ఆయాసమో కాళ్ల వాపో ఉంటే వెంటనే రండి. ఇప్పటికి మీ గుండె బాగుంది."

సంతోషించవలసిన మనిషి తలదించుకున్నాడు. జబ్బంటూ ఉంటే మాస్టారికి చెప్పుకోడానికి ఒక ముఖమైనా మిగిలేది.

సాయంత్రం, చేతులు రెండూ ఖాళీగా కనబడేలా పెట్టుకుని, మాస్టారి గుమ్మం ముందు నిలబడ్డాడు. మాస్టారు మిగతా చెంప సొంతంగా గీసుకున్నట్టున్నారు. అక్కడక్కడా దూది అంటించి ఉంది.

"క్షమించండి మాస్టారూ. నా గుండె పాడైందని భయం. చెప్పుకోడానికి సిగ్గేసి, అందరి మెడలూ చూస్తూ..."

మాస్టారు లోపలికొకసారి చూసి, తలుపు దగ్గరగా వేశారు.

"అది సరే," అన్నారు గొంతు తగ్గించి, "నరం కనబడకపోతే మంచిదా, చెడ్డదా? ఈమధ్య మెట్లెక్కుతుంటే ఆయాసం. ఇంట్లో చెప్పలేదు."

నోటిదాకా వచ్చిన వైద్యాన్ని సున్నితం మింగేశాడు.

"నాకు తెలియదండి. డాక్టరమ్మ ఇంకా ఉంటారు. రండి, నేనూ వస్తాను."

"మనిద్దర్నీ కలిపి చూస్తే వీధిలో నవ్వుతారేమోనయ్యా."

"నవ్వుతారండి," అన్నాడు సున్నితం.

ఇద్దరూ తలలు వంచుకుని వీధిలోకి దిగారు.